పాటల గదికి ఫోమ్ అంటించాను, లోపల బూమ్ తగ్గలేదు, పక్కవాళ్ల గొడవా తగ్గలేదు, తప్పెక్కడ?

చెవులపిల్లి:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిక చేసుకుని చదవండి. అడగ్గా అడగ్గా ఇన్నాళ్లకి ఇంట్లో ఒక గది నాకు దక్కింది, పాటలు వినడానికి మాత్రమే. పొడవు 4.2 మీటర్లు, వెడల్పు 3.3, ఎత్తు 2.9. ఇటుక గోడలు, కింద టైల్స్, పైన స్లాబ్. ఒక తలుపు, ఒక కిటికీ, ఒక ఇనప బీరువా (దాన్ని కదపడానికి వీల్లేదు, ఎందుకని అడగకండి). స్టాండ్ల మీద రెండు స్పీకర్లు, ముందు మూలలో బేస్, అంటే కింది స్వరాలు, మాత్రమే పలికే ఒక సబ్‌వూఫర్, గదికి సరిగ్గా నడిమధ్యన సోఫా.

సోఫాలో కూర్చుంటే అడుగు బేస్ ఉందో లేదో తెలియదు. అందుకని సబ్ పెంచుతాను, పెంచితే ఒకటి రెండు స్వరాలు మాత్రం బూమ్‌మని లేచి మిగతా పాటని మింగేస్తాయి. లేచి తలుపు దగ్గరికి వెళ్తే ఇల్లు కూలుతుందేమో అన్నంత మోత. ఇది లోపలి బాధ. బయటి బాధేమిటంటే గోడకి అటువైపు వాటావాళ్లు వారానికి రెండుసార్లు తలుపు కొడుతున్నారు, "పాట వినబడదండీ, దుమ్ దుమ్‌మని ఛాతీలో కొట్టుకుంటోంది" అంటారు. మా ఇంట్లోవాళ్లకేమో హాల్లోకి పాట మాటలతో సహా వినబడుతుంది.

వీటన్నిటికీ విరుగుడని 25 మిల్లీమీటర్ల ఫోమ్ పలకలు, ముక్కోణాలుగా చెక్కినట్టు ఉంటాయే అవి, 48 తెప్పించి గోడలకి గమ్‌తో అంటించాను. ఇప్పుడు గదిలో మాట్లాడితే దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంది, వయొలిన్‌లో మెరుపు పోయింది, బూమ్ మాత్రం అలాగే ఉంది. పక్కవాళ్లు నిన్న కూడా వచ్చారు. ఇంకో 48 తెప్పించి సీలింగుకి కూడా అంటిస్తే పనవుతుందా? లేక ఇంకా మందం ఫోమ్ కావాలా?

ఇటుకసున్నం:

వద్దు, ముందు ఆ ఆర్డర్ ఆపండి. మీరు రెండు వేరు వేరు పనుల్ని ఒక్క ఫోమ్‌తో చేయాలని చూస్తున్నారు, అది ఆ రెంటిలో ఏదీ సరిగా చేయదు. గదిలో పుట్టిన శబ్దం గోడలకి తగిలి తిరిగి రాకుండా పీల్చుకోవడం ఒక పని, దానికి గాలి దూరే మెత్తటి వస్తువు కావాలి. శబ్దం గోడ దాటి పోకుండా ఆపడం ఇంకో పని, దానికి బరువు కావాలి, సందు లేకుండా మూసెయ్యడం కావాలి. గాలి దూరే వస్తువులోంచి శబ్దమూ దూరుతుంది, ఇంతే సంగతి. ఫోమ్‌తో శబ్దం ఆపడమంటే జల్లెడతో నీళ్లు మోయడమే.

సరే, లోపలి పనికైనా పనికొచ్చిందా అంటే సగమే. పీల్చే వస్తువు మందం శబ్ద తరంగం పొడవుతో పోలిస్తే చెప్పుకోదగ్గట్టు ఉండాలి. 100 హెర్ట్జ్, అంటే సెకనుకి 100 సార్లు ఊగే కింది స్వరం, దాని తరంగం పొడవు 3.43 మీటర్లు. దాని ముందు మీ 25 మిల్లీమీటర్లు ఎంత? అది వెయ్యి హెర్ట్జ్ పైనుంచే గట్టిగా పని చేస్తుంది, అందుకే వయొలిన్ మెరుపుని తినేసి బేస్‌ని వదిలేసింది. బయట చాలామంది "గదికి ట్రీట్‌మెంట్ చేయించాం, డల్ అయిపోయింది" అనేది కూడా ఇందుకే.

ఇంకో మాట, ఇది భయపెట్టడానికి కాదు. మామూలు పాలీయురిథేన్ ఫోమ్ అంటుకుంటే మంట చాలా వేగంగా పాకుతుంది, పొగ విషం. 2003లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక నైట్‌క్లబ్‌లో వేదిక చుట్టూ అంటించిన ఇలాంటి ఫోమ్‌కి బాణసంచా నిప్పు తగిలి 100 మంది చనిపోయారు. నిప్పుకి తట్టుకునే రకమని కాగితం మీద రాసి ఇవ్వని ఫోమ్‌ని నేనైతే గోడ నిండా అంటించను, స్విచ్ బోర్డుల చుట్టూ అసలే అంటించను.

ఇక హాల్లోకి మాటలు వినబడుతున్నాయంటే అది మీ తలుపు. కింద సందు ఎంత ఉందో చూశారా? 90 సెంటీమీటర్ల తలుపు కింద 1 సెంటీమీటరు సందు ఉంటే అది తలుపు మొత్తం వైశాల్యంలో అర శాతం కూడా లేదు, కానీ ఆ ఒక్క సందు చాలు, తలుపుని ఉక్కుతో చేయించినా మొత్తం మీద 23 డెసిబెల్స్ (శబ్దం తీవ్రతకి కొలత) మించి ఆపనివ్వదు. కాబట్టి ద్వారబంధం చుట్టూ మెత్తటి రబ్బరు పట్టీ, కింద తలుపు వేసినప్పుడు దిగే సీలు. ఆ తర్వాత తలుపు చెక్క సంగతి, లోపల బోలుగా ఉండే రకమైతే దాన్ని మార్చి గట్టి చెక్క తలుపు పెట్టుకోవాలి. ఈ వరసలోనే చేయండి, తిరగేసి కాదు.

పాతస్పీకర్:

ఇటుకసున్నం గారు చెప్పింది కరెక్టే గానీ, అన్నా, అసలు విషయం మీ పోస్టులో మీరే రాసి మీరే దాటేశారు. "సరిగ్గా నడిమధ్యన సోఫా." అదే మీ కొంప ముంచింది.

ప్రతి గదికీ తనవైన కొన్ని స్వరాలు ఉంటాయి. ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి దానితో శబ్ద వేగాన్ని, అంటే 343ని, భాగిస్తే మొదటిది వస్తుంది. మీ పొడవుకి 343ని 8.4తో భాగిస్తే దాదాపు 41 హెర్ట్జ్. వెడల్పుకి 52. ఎత్తుకి 59. ఆ పైన వాటి రెట్లు, పొడవుకైతే 82, అలా. ఈ మొదటి స్వరం గోడల దగ్గర బలంగా ఉంటుంది, గది సగానికి వచ్చేసరికి దాదాపు మాయమవుతుంది. మీరు కూర్చున్నది సరిగ్గా ఆ మాయమయ్యే చోట. 82 హెర్ట్జ్ దానికి పూర్తిగా ఉల్టా, గోడల దగ్గరా బలమే, నడిమధ్యా బలమే. అంటే 41 వినబడట్లేదని మీరు సబ్ పెంచుతున్నారు, పెంచినదంతా 82 దగ్గర బూమ్‌మని లేస్తోంది, 41 మాత్రం ఎక్కడికీ పోలేదు, గోడ దగ్గర భేషుగ్గా ఉంది, ఆ గోడకి అటు పక్కన మీ పొరుగువాళ్ల మంచం ఉండి ఉంటుంది. మీరు వినని బేస్‌ని వాళ్లు వింటున్నారు!

సోఫాని వెనక్కి జరపండి. వెనక గోడ నుంచి 1.6 మీటర్ల దగ్గర, అంటే పొడవులో 38 శాతం, మొదలుపెట్టి చూడండి. అది వేదం కాదు, అక్కడి నుంచి అటొక 10 ఇటొక 10 సెంటీమీటర్లు కదుపుతూ వినాలి. గోడకి ఆనించి మాత్రం పెట్టకండి, అక్కడ అన్నీ కలిసి మోగుతాయి. ఆపైన సబ్‌ని సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టి (నవ్వకండి), బేస్ ఉన్న పాట ఒకటి వేసి, మీరు నేల మీద పాకుతూ గోడల వెంబడి వినండి. ఎక్కడ బేస్ తేటగా, అన్ని స్వరాలూ సమంగా వినబడితే అక్కడ సబ్ పెట్టాలి. ఇంట్లోవాళ్లు చూస్తే ఏమనుకుంటారో అది మీ ఇష్టం, పైసా ఖర్చులేని పని.

చెవులపిల్లి:

పాతస్పీకర్ అన్నా, నాకు మతి పోయింది. ఇప్పుడే కుర్చీ ఒకటి వేసుకుని గదిలో ముందుకీ వెనక్కీ జరుగుతూ విన్నాను, ఒక్క అడుగు తేడాకి బేస్ ఇంతలా మారుతుందని తెలీదు. సోఫా ఆదివారం జరుపుతాను, ఒక్కడి వల్ల కాదు.

ఒక సందేహం. పక్కవాళ్ల గోడకి ఆనించి ఫోన్ పెట్టి డెసిబెల్ యాప్‌లో చూస్తే 50 దాటట్లేదు. అదేమంత ఎక్కువ కాదు కదా, వాళ్లు కాస్త ఎక్కువ చెప్తున్నారేమో అని కూడా అనిపిస్తోంది.

తంబురతీగ:

లేదండీ, వాళ్లు అబద్ధం చెప్పట్లేదు, మీ యాప్ చెప్తోంది. ఆ యాప్‌లు చాలావరకు ఎ-వెయిటింగ్ అనే లెక్కలో చూపిస్తాయి. మన చెవికి కింది స్వరాలు తక్కువగా వినబడతాయి కాబట్టి వాటిని తగ్గించి లెక్కకట్టే పద్ధతి అది. 50 హెర్ట్జ్ దగ్గర అది ఏకంగా 30 డెసిబెల్స్ కోసేస్తుంది. అంటే మీ తెర మీద 50 కనిపించినప్పుడు అందులో ఎక్కువ భాగం 50 హెర్ట్జ్ మోతే అయితే అసలు ఒత్తిడి 80 దాకా ఉందన్నమాట. యాప్‌లో సి-వెయిటింగ్ ఉంటే అది పెట్టి మళ్లీ చూడండి, అందులో అదే చోట కోత ఒకటిన్నర డెసిబెల్ లోపే. అయినా ఫోన్ మైకులు గొంతు కోసం చేసినవి, కింది స్వరాల దగ్గర వాటిని నమ్మి పక్కవాళ్లతో వాదనకి దిగకండి.

సరిగా కొలవాలంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం. యుఎస్‌బీలో పెట్టే కొలత మైకు ఒకటి కావాలి, దాని సరిదిద్దే ఫైలు దానితోనే వస్తుంది. మైకుని మీ చెవి ఎత్తులో, సోఫా చోట పెట్టి 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా స్వీప్, అంటే కింది నుంచి పైకి జారుతూ పోయే స్వరం, వేయండి. తెర మీది గీతలో ఎక్కువ మోగే చోట కొండలూ, తక్కువ వినబడే చోట లోయలూ కనిపిస్తాయి. కొండలని ఈక్వలైజర్‌తో, అంటే ఒక్కో స్వరాన్ని విడిగా పెంచి తగ్గించే సదుపాయంతో, తగ్గించొచ్చు, నిక్షేపంగా తగ్గించండి. లోయల్ని మాత్రం దానితో పూడ్చాలని చూడకండి. అక్కడ నేరుగా వచ్చిన తరంగం, గోడకి తగిలి వచ్చిన తరంగం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి, మీరు రెట్టింపు పోస్తే రెట్టింపు కొట్టేసుకుంటాయి, మధ్యలో యాంప్లిఫయర్ చస్తుంది, పక్కవాళ్లు మళ్లీ తలుపు కొడతారు. లోయకి మందు స్థలం మార్చడమే.

రాత్రిపూట తక్కువ వాల్యూమ్‌లో వింటే బేస్ పల్చగా అనిపించడం కూడా మామూలే. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు ఈ సంగతి కొలిచి గీతలు గీశారు, శబ్దం తగ్గేకొద్దీ చెవి బేస్‌ని ఇంకా ఎక్కువగా వదిలేస్తుంది. పాత యాంప్లిఫయర్ల మీద బేస్ పెంచే లౌడ్‌నెస్ బటన్ ఉండేది అందుకే. రాత్రి ఆ లోటు పూడ్చాలని చెయ్యి సబ్ నాబ్ మీదకి పోతుంది చూడండి, అక్కడ ఆపుకోవాలి.

గోడకవతల:

నా కథ చెప్తాను, కనీసం మీరైనా బాగుపడండి. నాకూ పక్కవాళ్లతో ఇదే గొడవ. బరువు పెంచాలి అని ఎక్కడో చదివి, ఉన్న గోడ మీద చెక్క పట్టీలు కొట్టించి, ఒక అంగుళం గ్యాప్ వదిలి, పైన ఒక్క పొర జిప్సం బోర్డు వేయించాను. పని చేసినవాళ్లు "సౌండ్‌ప్రూఫ్ అయిపోయింది సార్" అని వెళ్లిపోయారు. ఆ రాత్రే పక్కాయన వచ్చి ఇదివరకటికన్నా ఎక్కువ వస్తోందన్నాడు. నేను నమ్మలేదు, వాళ్లింట్లోకి వెళ్లి విన్నాను, నిజమే!

ఎందుకో తర్వాత అర్థమైంది. బోర్డు, గోడ, మధ్య ఇరుక్కున్న గాలి, మూడూ కలిసి డోలక్‌లాగా తయారవుతాయి. మధ్య గాలి స్ప్రింగు. చదరపు మీటరుకి కిలోల్లో బోర్డు బరువుని మీటర్లలో గ్యాప్‌తో గుణించి, వర్గమూలం తీసి, దానితో 60ని భాగిస్తే ఆ డోలక్ మోగే స్వరం సుమారుగా వస్తుంది. నాది 8 కిలోల బోర్డు, 0.025 మీటర్ల గ్యాప్, లెక్కవేస్తే 134 హెర్ట్జ్. సరిగ్గా పాటలో బేస్ గిటార్, మృదంగం తొప్పి ఉండే చోటు. ఆ స్వరం దగ్గర కొత్త గోడ శబ్దాన్ని ఆపకపోగా అందించింది. గ్యాప్ 10 సెంటీమీటర్లు, రెండు పొరల బోర్డు వేసుంటే అది 50 హెర్ట్జ్ కిందికి దిగి, ఆ పైన స్వరాలకి నిజంగానే లాభం ఉండేది, కానీ పట్టీలు పాత గోడకి నేరుగా కొడితే ఆ పట్టీల గుండా కదలిక దాటిపోతుంది, కాబట్టి కొత్త చట్రం నేల మీద విడిగా నిలబడాలి. అంటే గదిలో ఒక జానెడు పోతుంది. 3.3 మీటర్ల గదిలో అది తేలిక కాదు.

రెండో తప్పు కిటికీ. శబ్దం పోకూడదని దాన్ని గాలి చొరకుండా మూసేశాను. గంటసేపు వింటే తలనొప్పి, పాటల వల్ల అనుకునేవాణ్ని. యాంప్లిఫయర్ వేడి, మనుషుల ఊపిరి, గాలి మారే దారి లేదు. గదిని మూసేవాళ్లు గాలికి దారి కూడా ఆలోచించాలి, లోపల రాక్‌వూల్ అనే రాతి ఉన్ని పరిచి వంకర్లు తిప్పిన పెట్టెలోంచి గాలి తెచ్చుకోవచ్చు, గాలి మలుపు తిరుగుతుంది, శబ్దం ఆ మలుపుల్లో అరిగిపోతుంది.

ఇంకో మాట, సబ్ కింద స్పాంజి ప్యాడ్లు వేయండి, నాకు కాస్త తేడా తెలిసింది.

ఇటుకసున్నం:

గోడకవతల గారూ, మొత్తం ఒప్పుకుంటాను గానీ ప్యాడ్ల మాట దగ్గర కాదు. చెక్క నేల అయితే సరే. కాంక్రీటు మీద సబ్ పెట్టె కుదుపు వల్ల పోయేది చాలా తక్కువ, గాలిలో పుట్టిన ఒత్తిడే గోడని తోస్తుంది. ప్యాడ్ వేసుకుంటే నష్టం లేదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. పక్కవాళ్లకి మోత సగం అయినట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ తగ్గాలి. గోడ బరువు రెట్టింపు చేసినా వచ్చేది 6 డెసిబెల్స్, అదీ లెక్కల్లో. చెవులపిల్లి గారు సోఫా జరిపి సబ్‌ని 8 డెసిబెల్స్ తగ్గించగలిగితే అది కొత్త గోడ కట్టడంకన్నా మేలు. అందుకే పాతస్పీకర్ మాట ముందు వినండి, నా మాట తర్వాత.

పాతస్పీకర్:

సోఫా జరిపాక ప్యానెళ్ల సంగతి. ఫోమ్ పీకేసి రాక్‌వూల్ బోర్డులు, ఘనపు మీటరుకి 48 నుంచి 64 కిలోల సాంద్రత ఉన్నవి తీసుకోండి, సన్నటి చెక్క ఫ్రేములో పెట్టి పైన గుడ్డ బిగించండి. గుడ్డకి పరీక్ష ఏమిటంటే నోటికి ఆనించుకుని ఊదితే గాలి సులువుగా అటు పోవాలి, పోకపోతే శబ్దమూ లోపలికి పోదు, తిరిగొస్తుంది. కోసేటప్పుడు మాస్కు, చేతులకి తొడుగులు మర్చిపోవద్దు, ఒళ్లంతా దురద పుడుతుంది.

పక్క గోడల మీద ఎక్కడ పెట్టాలంటే, మీరు సోఫాలో కూర్చోండి, ఇంకొకరు గోడ వెంబడి అద్దం జరుపుతూ వెళ్లాలి, అద్దంలో మీకు స్పీకర్ కనిపించిన చోట ప్యానెల్. 10 సెంటీమీటర్ల మందం పెట్టి, గోడకి ఇంకో 5 లేదా 10 సెంటీమీటర్లు ఎడంగా తగిలిస్తే అదే ప్యానెల్ ఇంకా కింది స్వరాల దాకా పని చేస్తుంది, ఖాళీ గాలి ఉచితం కదా. మూలల్లో నేల నుంచి స్లాబ్ దాకా వీలైనంత మందం. నిజం చెప్పాలంటే 41 హెర్ట్జ్‌ని రాక్‌వూల్‌తో పట్టుకోవడం ఈ గదిలో అయ్యే పని కాదు, అది స్థలంతోనూ ఈక్వలైజర్‌తోనూ చూసుకోవాల్సిందే. 82 మాత్రం కొంత దారికొస్తుంది.

ఎన్ని కావాలో లెక్క 1890లలోనే తేలింది. హార్వర్డ్‌లో సబైన్ అనే ఫిజిక్స్ మాస్టారు మాటలు అర్థంకాని ఒక లెక్చర్ హాల్లోకి పక్క థియేటర్ సీట్ల దిండ్లు రాత్రుళ్లు మోయించి, ఎన్ని దిండ్లకి మోత ఎంతసేపట్లో చల్లారుతోందో చూసి ఒక సూత్రం కట్టాడు. ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, పీల్చే వైశాల్యంతో (తగిలిన శబ్దాన్ని పూర్తిగా పీల్చేసే చదరపు మీటర్లు) భాగిస్తే మోత చల్లారే సెకన్లు. మీ గది 40 ఘనపు మీటర్లు, 0.4 సెకన్లు కావాలనుకుంటే 16 చదరపు మీటర్ల పీల్చే వైశాల్యం ఉండాలి. సోఫా, తివాచీ, కర్టెన్లు, మనుషులు కొంత లాగేస్తారు. మిగతాదానికి 120 బై 60 సెంటీమీటర్ల ప్యానెళ్లు 8 నుంచి 10 చాలు. వెనక గోడకి పుస్తకాల అర పెట్టుకోండి, వరసగా కాకుండా ఎగుడుదిగుడుగా సర్దండి, శబ్దాన్ని కొంత చెదరగొడుతుంది. గదిని పూర్తిగా చంపేయొద్దు, కాస్త జీవం ఉండాలి.

చెవులపిల్లి:

మూడు వారాలైంది, వచ్చి చెప్పకపోతే బాగోదని రాస్తున్నాను.

సోఫా 50 సెంటీమీటర్లు వెనక్కి జరిగింది. మైకు తెప్పించి కొలిచాను, పాత చోట 82 దగ్గర 11 డెసిబెల్స్ కొండ ఉండేది, కొత్త చోట 6, మూలల్లో ప్యానెళ్లు పెట్టాక 4, మిగిలింది ఈక్వలైజర్‌తో తీసేశాను. సబ్‌ని 7 డెసిబెల్స్ తగ్గించాను, అయినా ఇదివరకటికన్నా బేస్ ఎక్కువున్నట్టుంది. సబ్ కోసం నేల మీద పాకుతుంటే మా అబ్బాయి వీడియో తీశాడు, అది బంధువుల గ్రూపులో తిరుగుతోంది. తలుపు కింద సీలు, చుట్టూ రబ్బరు వేశాక హాల్లోకి పాట వస్తుంది గానీ మాటలు రావట్లేదు, తలుపు మార్చడం తర్వాత చూస్తా. పక్కవాళ్లు ఎదురుపడి "ఊళ్లో లేరా ఏంటి" అన్నారు.

ఫోమ్ పీకితే దానితో పాటు పెయింట్ కూడా ఊడొచ్చింది, 48 చోట్ల. ప్యానెళ్లు సగం మచ్చల మీదకి వచ్చాయి, మిగతా సగానికి మళ్లీ రంగు వేయించాలి.

ఇదంతా అయ్యాక కూడా ఒక్క స్వరం దగ్గర మాత్రం జర్రుమని ఒక గోల వస్తూనే ఉంది, స్పీకర్ చిరిగిందేమో అని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. చివరికి తంబురతీగ గారు చెప్పిన సాఫ్ట్‌వేర్‌లోనే ఒక్కో హెర్ట్జూ పెంచుకుంటూ వెళ్తే 58 దగ్గర దొరికింది. బీరువా తలుపు. గదిలో కదపడానికి వీల్లేనిది అదొక్కటే అన్నాను కదా, తీరా కదులుతున్నది అదే. అట్టముక్క మడిచి తలుపు సందులో దోపాను, ఆగిపోయింది.